సంతోషం లేకపోయినా చేయి ఫోన్ వైపే ఎందుకు పోతుంది?

ప్రశ్న: నా వయసు 24. చదువు పూర్తయి ఏడాదిన్నర అయింది. ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నానని ఇంట్లో చెబుతున్నాను కానీ పుస్తకం తెరిచి నెలలు గడిచాయి. రోజంతా ఫోనే. రాత్రి పదకొండింటికి పక్క మీదికి చేరి పది నిమిషాలు చూసి పెట్టేద్దాం అనుకుంటాను. తల ఎత్తేసరికి మూడవుతుంది. మర్నాడు లేచేసరికి పది. చూసినవాటిలో ఒక్కటీ గుర్తుండదు, చూస్తున్నప్పుడు సంతోషమూ ఉండదు. యాప్‌లన్నీ తీసేస్తాను, రెండు రోజుల్లో మళ్లీ వేసుకుంటాను. నాతో చదువుకున్నవాళ్లు పెట్టే ఫొటోలు చూస్తే మనసు పాడవుతుంది, అయినా వెతికి మరీ చూస్తాను. స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాను. ఇది అడిక్షనా, అమ్మ అంటున్నట్టు బద్ధకమా? స్మార్ట్‌ఫోన్ వదిలేసి బటన్ల ఫోన్ కొనుక్కుంటే బాగుపడతానా? ఒక్కోసారి నేను లేకపోయినా ఎవరికీ ఏ లోటూ ఉండదనిపిస్తుంది. మరీ సీరియస్‌గా తీసుకోకండి, ఊరికే రాశాను.

(పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం: అన్నిటికంటే ముఖ్యమైన మాటను మీరు ఉత్తరం చివర్లో రాశారు. దాన్ని పట్టించుకోవద్దని కూడా మీరే రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను లేకపోయినా లోటు ఉండదు అనే ఆలోచన వచ్చిన ప్రతి ఒక్కరూ ప్రాణం తీసుకోరు. నిద్ర కరవై, ఒంటరితనం ముదిరి, తన మీద తనకే నమ్మకం పోయిన మనిషికి ఈ ఆలోచన వచ్చి పోతుంటుంది. అయినా దాన్ని ఊరికే వదిలేయకూడదు. కాబట్టి సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎలా అన్నదాకా ఆలోచన వెళ్లిందా? అందుకోసం ఏదైనా దగ్గర పెట్టుకున్నారా? ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే చాలామందికి మనసు తేలికపడుతుంది కూడా. ఈ మూడు ప్రశ్నల్లో దేనికైనా మీ జవాబు అవును అయితే మిగతా ఉత్తరం తర్వాత చదవండి. ఇప్పుడే ఇంట్లో ఒకరిని పిలిచి ఈ మాట చెప్పండి, ఒంటరిగా ఉండకండి, ఆస్పత్రికి వెళ్లండి. దగ్గర మనుషులు లేకపోతే మీరున్న చోట పనిచేసే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మూడింటికీ కాదు అన్నదే జవాబైనా, ఈ వారంలోనే డాక్టర్‌ని కలవాలి. ఎందుకో కింద చెబుతాను.

ఇక మీ ప్రశ్న. బద్ధకమా, అడిక్షనా?

బద్ధకం కాదు. బద్ధకించిన మనిషి పని తప్పించుకుని హాయిగా ఉంటుంది. మీ ఉత్తరంలో హాయి అన్నది ఎక్కడా కనిపించలేదు. నిద్ర పోగొట్టుకుంటున్నారు, మనసు పాడుచేసుకుంటున్నారు, ఆపాలని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నారు. ఇంత యాతన పడే మనిషిని బద్ధకస్తురాలు అనలేం. మీ అమ్మగారిని తప్పు పట్టడం లేదు. బయటి నుంచి చూసేవాళ్లకు మంచం మీద ఫోన్ పట్టుకుని పడుకున్న అమ్మాయి మాత్రమే కనిపిస్తుంది.

అడిక్షనా అంటే, వైద్యులు కూడా ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. అమెరికన్ సైకాలజిస్ట్ కింబర్లీ యంగ్ 1990ల నడుమనే ఇంటర్నెట్ వ్యసనం ఉందని వాదించి, 1998లో దాన్ని కొలిచేందుకు 20 ప్రశ్నల పరీక్ష తయారుచేశారు. ఇవాళ్టికీ చాలా దేశాల్లో అదే వాడుతున్నారు. అమెరికన్ సైకియాట్రిస్టులు 2013లో తెచ్చిన మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో ఆన్‌లైన్ ఆటల సమస్యను చేర్చారు, కానీ ఇంకా పరిశోధన జరగాల్సిన వాటి జాబితాలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో అడుగు ముందుకేసి, 2019లో ఆమోదం పొంది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌ని, అంటే ఆటల వ్యసనాన్ని, జబ్బుగానే గుర్తించింది. రీల్స్ చూడటం, సోషల్ మీడియా, ఊరికే స్క్రోల్ చేయడం వీటికి మాత్రం ఇప్పటికీ విడిగా జబ్బు పేరు లేదు.

పేరు లేనంత మాత్రాన బాధ లేదని కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి ఇబ్బందుల కోసమే షట్ అనే క్లినిక్ నడుస్తోంది. గేమింగ్ డిజార్డర్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లక్షణాలు మూడు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మన చేతుల్లో లేకపోవడం. మిగతా పనులూ ఇష్టాలూ అన్నీ దాని వెనక్కి పోవడం. నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవడం. సాధారణంగా ఇవి ఏడాదిపాటు సాగితేనే ఆ పేరు పెడతారు. మీరు ఆటలు ఆడటం లేదు కాబట్టి ఆ పేరు మీకు అతకదు, కానీ ఆ మూడూ మీ ఉత్తరంలో ఉన్నాయి. రోజుకి ఎన్ని గంటలు చూస్తున్నారన్నది నాకు అంత ముఖ్యం కాదు. ఎనిమిది గంటలు ఆన్‌లైన్‌లో ఉండి, పని ముగించి, అందరితో మాట్లాడి, నిద్రపోయే మనిషికి ఇబ్బంది లేదు. మూడు గంటలే చూసినా ఆ మూడు గంటలు నిద్రలోంచీ మనుషుల్లోంచీ పోతుంటే అదే సమస్య.

మీరు రాసిన ఇంకో మాట దగ్గర కాసేపు ఆగాలి. చూస్తున్నప్పుడు సంతోషం కూడా ఉండదు అన్నారు. సంతోషం లేనిదాన్ని ఎందుకు వదల్లేకపోతున్నాను, నాలోనే ఏదో లోపం ఉంది అని మీరు అనుకుంటున్నట్టు తోచింది. దీనికి సైన్స్ దగ్గర మంచి సమాధానమే ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్, టెర్రీ రాబిన్సన్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, మెదడులో కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. డోపమైన్ అనే మెదడు రసాయనం ప్రధానంగా నడిపేది మొదటిదాన్ని. అది కావాలి, కావాలి అంటుంది. కోరింది దొరికాక వచ్చే తృప్తి బాధ్యత దానిది కాదు. అలవాటు ముదిరేకొద్దీ తృప్తి తగ్గిపోతూ, కోరిక మాత్రం పెరుగుతూ పోవచ్చు. మీకు జరుగుతున్నది సరిగ్గా ఇదే అనిపిస్తోంది.

ఆ కోరికను అంత గట్టిగా నిలబెట్టేది ఏది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. అమెరికన్ సైకాలజిస్ట్ బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో, పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం గింజలు ఆగిపోగానే త్వరగానే మానేసింది. ఎన్నోసారి దొరుకుతుందో తెలియని పావురం మాత్రం గింజలు రాకపోయినా చాలాసేపు పొడుస్తూనే ఉంది. మీ ఫీడ్‌లో ఇరవై వీడియోలు చప్పగా పోతాయి, ఇరవై ఒకటోది నవ్విస్తుంది. ఆ ఒక్కటే మీ వేలిని మళ్లీ కదిలిస్తుంది. పైగా ఒకప్పుడు పేజీకి ఒక చివర ఉండేది. కిందికి వెళ్లేకొద్దీ కొత్తవి వచ్చి చేరే ఇన్ఫినిట్ స్క్రోల్‌ని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్, దాని ఫలితాలు చూసి బాధపడుతున్నానని తర్వాత బహిరంగంగానే చెప్పారు. ఆపడానికి ఒక చోటంటూ లేనిదాన్ని రాత్రి రెండింటికి, అలసిపోయిన మెదడుతో ఆపలేకపోవడం మీ గుణంలోని లోపం కాదు. దాన్ని తయారుచేసిన తీరే అలాంటిది.

అయితే అదే ఫీడ్ కోట్లమంది చేతుల్లో ఉంది. వాళ్లలో చాలామంది ఏదో ఒక వేళకి ఫోన్ పక్కన పెట్టి పడుకుంటున్నారు. మీరెందుకు పెట్టలేకపోతున్నారు అన్నది అసలు ప్రశ్న. జవాబు మీ మనసు స్థితిలో ఉందని నాకు బలంగా అనిపిస్తోంది.

2009లో అచ్చయిన తైవాన్ అధ్యయనం ఒకటి ఉంది. రెండు వేల మందికి పైగా టీనేజీ పిల్లలను రెండేళ్లపాటు గమనించారు. మొదట్లోనే కుంగుబాటు, నలుగురిలో కలవాలంటే భయం, ఏడీహెచ్‌డీ అనే ఏకాగ్రత లోపం, లోలోపల కోపం ఉన్న పిల్లలు తర్వాత ఇంటర్నెట్‌కి బానిసలయ్యే అవకాశం ఎక్కువని తేలింది. ఆ మరుసటి ఏడాదే చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం నుంచి దీనికి తిరగేసిన ఫలితం వచ్చింది. అక్కడ వెయ్యిమందికి పైగా పిల్లల్ని తీసుకున్నారు. అధ్యయనం మొదలైనప్పుడు డిప్రెషన్ లేకుండా, నెట్ వాడకం మాత్రం అదుపు తప్పినవారికి తొమ్మిది నెలల తర్వాత డిప్రెషన్ వచ్చే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అంటే దారి రెండు వైపులా ఉంది. దిగులు మనిషిని ఫోన్‌లోకి నెడుతుంది, ఫోన్‌లో పోగొట్టుకున్న నిద్ర, పని, మనుషులు తిరిగి దిగులును పెంచుతాయి. రెండిట్లో ఏది ముందు అని తేల్చుకునే వరకు ఆగనక్కర్లేదు. ఎటునుంచి పట్టుకున్నా రెండోది కాస్త సడలుతుంది.

డిప్రెషన్ ఉందేమో చూడటానికి డాక్టర్లు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం వాడతారు. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర తేడా, నీరసం, ఆకలి తేడా, నేను పనికిరానిదాన్ని అనిపించడం, మనసు నిలవకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురుగా ఉండలేకపోవడం, బతకడం ఎందుకనిపించడం. ఇవి ఎంత తరచుగా ఉన్నాయని అడుగుతారు. మీ చిన్న ఉత్తరంలోనే వీటిలో మూడు నాలుగు కనిపిస్తున్నాయి. ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించలేం, నేను నిర్ధారించడం లేదు కూడా. ఈ వారంలోనే డాక్టర్‌ని కలవమన్నది ఇందుకే. కలిసినప్పుడు రక్తహీనత, థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరమా అని అడగండి. వీటిలో తేడా ఉన్నా ఇలాగే నీరసం, మబ్బు, దిగులు ఉండొచ్చు. చిన్నప్పటి నుంచీ కూర్చున్న చోట కుదురు లేకపోవడం, వస్తువులు పారేసుకోవడం, చివరి నిమిషం దాకా పని మొదలుపెట్టలేకపోవడం ఉంటే అదీ చెప్పండి. అమ్మాయిల్లో ఏడీహెచ్‌డీ చాలాసార్లు అల్లరిగా కనబడదు, అందుకే చాలామందికి పెద్దయ్యేదాకా బయటపడదు.

బటన్ల ఫోన్ సంగతి. వద్దంటాను, కనీసం ఇప్పటికి. ఉద్యోగ ప్రకటనలు, దరఖాస్తులు, ఇంటర్వ్యూ పిలుపులు అన్నీ నెట్‌లోనే ఉన్నప్పుడు, ఫోన్ వదిలేసి మీరు మీ మీద ఇంకో తలుపు వేసుకుంటారు. ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. యాప్‌లు తీసేసి మళ్లీ వేసుకోవడం అన్నారు కదా, మళ్లీ వేసుకున్న ఆ రాత్రి ఏం జరిగింది? నా అంచనా చెబుతాను, కాకపోతే కాదనండి. ఒక్కసారి చూడగానే, ఇంకేముంది, మాట తప్పాను, నావల్ల కాదు అనిపించి ఉంటుంది. ఆ సిగ్గు భరించలేక, దాన్ని మరిచిపోవడానికి, మామూలు కంటే ఎక్కువసేపు చూసి ఉంటారు. మద్యం వ్యసనంపై పనిచేసిన అలన్ మార్లాట్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1980లలోనే దీన్ని గుర్తించారు. మొదటి తప్పటడుగు చేసే నష్టం కొంచెమే. ఆ తప్పటడుగు చూసుకుని మనిషి తనను తాను తిట్టుకోవడమే పూర్తిగా పడదోస్తుంది. అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి ఇంకో అప్పు తెచ్చినట్టు, ఫోన్ చూసిన సిగ్గును మళ్లీ ఫోన్‌తోనే కప్పుకుంటున్నారు. ఎంత గట్టి ఒట్టు వేసుకుంటే అంత పెద్ద సిగ్గు. అందుకే ఈ డిజిటల్ డీటాక్స్‌లు, ఇరవై ఒక్క రోజుల ఛాలెంజ్‌లు అంటే నాకు నమ్మకం లేదు. మీలాగా ఇప్పటికే తన మీద తనకు చిన్నచూపు ఉన్న మనిషికి అవి కీడు చేస్తాయని కూడా అనుకుంటాను. దయచేసి ఇక ఒట్లు వేసుకోకండి.

మరి ఏం చేయాలి? నిద్ర దగ్గర మొదలుపెట్టండి. మిగతావన్నీ ఆగినా ఫర్వాలేదు. నిద్ర చెడితే దిగులు పెరుగుతుంది, మనసు నిలవదు, కోరికను ఆపుకునే శక్తి తగ్గుతుంది. పైగా మీ ఉత్తరం చదివితే ఎక్కువ నష్టం పదకొండుకీ మూడుకీ మధ్యే జరుగుతోంది.

పడుకునే వేళ మార్చాలని చూడకండి, లేచే వేళ మార్చండి. పదకొండింటికి పడుకుని తీరాలి అన్నది మీ చేతుల్లో లేని పని. ఎన్నింటికి పడుకున్నా ఎనిమిదింటికి లేవడం చేతిలో ఉన్న పని. మొదటి మూడు నాలుగు రోజులు కళ్లు మండుతాయి, పగలు తూలుతారు. మధ్యాహ్నం పడుకోకుండా ఉండగలిగితే వారం తిరిగేసరికి రాత్రి నిద్ర దానంతటదే ముందుకు జరుగుతుంది. లేచిన గంటలోపు ఆరుబయట వెలుతురులో ఇరవై నిమిషాలు ఉండండి. లోపలి గడియారాన్ని సరిచేసేది ఆ వెలుతురే. ఎనిమిది అలవాటయ్యాక ఏడున్నరకి జరపండి.

ఫోన్ ఛార్జర్ పడకగది బయట ఉండాలి. నిద్రలేపడానికి విడిగా అలారం గడియారం పెట్టుకోండి, లేకపోతే అలారం కోసమే అంటూ ఫోన్ మళ్లీ తలగడ పక్కకి వస్తుంది. రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్ట్ 1972లో చెప్పిన పద్ధతిని నిద్ర వైద్యులు ఇప్పటికీ మొదట సూచిస్తారు. మంచం నిద్రకి మాత్రమే. పగలు మంచం మీద కూర్చోకండి, చదవకండి, ఫోన్ చూడకండి. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాక మళ్లీ రండి. ఏడాదిన్నరగా మీ ఒంటికి మంచం అంటే స్క్రోల్ అని అలవాటైపోయింది. ఆ అలవాటు పోవడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

ఒకటి అడగాలి. పగలంతా ఫోన్‌లోనే ఉన్నాక రాత్రి మళ్లీ ఎందుకు అంత ఆశగా చూస్తారు? నెదర్లాండ్స్‌లో ఫ్లోర్ క్రూసె బృందం 2014లో ఈ విషయంపైనే పరిశోధన అచ్చువేసింది. ఏ అడ్డూ లేకపోయినా పడుకోవడాన్ని వాయిదా వేస్తూ పోయే అలవాటు చాలామందిలో ఉందని వాళ్లు చూపించారు. నేను చూసినంతలో పగలు తనదనిపించే పని ఒక్కటీ లేని మనిషికి ఇది ఎక్కువ. పగలు మీకు నేరభావం కాపలా కాస్తుంది. చదవాల్సిన టైమ్‌లో చూస్తున్నానే అన్న బాధతోనే చూస్తారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక అడిగేవాళ్లు ఉండరు, మీరు ఏమీ చేయనక్కర్లేని సమయం అదొక్కటే. దాన్ని వదులుకోవడం కష్టంగా ఉంది. కాబట్టి పగటిపూట నేరభావం లేని విశ్రాంతి గంట ఒకటి పెట్టుకోండి. ఆ గంటలో ఫోనే చూస్తానంటే చూడండి, కానీ కుర్చీలో కూర్చుని, ఇది నా గంట అని చెప్పుకుని చూడండి.

పగటి సంగతికి వస్తే, వారంపాటు ఏమీ తగ్గించకుండా ఒక్క పని చేయండి. చేయి ఫోన్ వైపు వెళ్లిన ప్రతిసారీ, అంతకు ముందు నిమిషంలో ఏం జరిగిందో ఒక ముక్క కాగితం మీద రాయండి. అమ్మ ఏదో అంది. పుస్తకం తెరిచాను, అర్థం కాలేదు. ఫలానావాళ్లకి ఉద్యోగం వచ్చిందని తెలిసింది. ఏమీ తోచలేదు. అన్నీ రాయలేరు, పది రాసినా చాలు. ఎక్కువమందికి రెండు మూడు కారణాలే మళ్లీ మళ్లీ కనబడతాయి. వాటిలో ఒక్కదానికి ముందే జవాబు సిద్ధం చేసుకోండి. పుస్తకం అర్థం కాక చేయి ఫోన్ వైపు వెళ్తే, లేచి బయట పది నిమిషాలు నడిచి వస్తాను. ఇలా ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందుగా కట్టుకున్న మాట, ఫోన్ తగ్గిస్తాను అనే ఉత్త నిశ్చయం కంటే బాగా పనిచేస్తుందని సైకాలజిస్ట్ పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. కోరిక ఉధృతంగా వచ్చినప్పుడు దానితో కొట్లాడకండి. ఎక్కడ తెలుస్తోంది, ఛాతీలోనా, వేళ్లలోనా అని గమనిస్తూ ఉండండి. అది ఎప్పటికీ పెరుగుతూ పోదు, కాసేపటికి దిగుతుంది. మీరు పది నిమిషాలు ఆగి తర్వాత చూసినా, ఆ పది నిమిషాలు మీవే.

చదువుకున్నవాళ్ల ఫొటోల గురించి. వాళ్లందరినీ మ్యూట్ చేయండి, వాళ్లకి తెలియదు, ఎవరూ బాధపడరు. వెతికి మరీ చూడటంలో ఉన్నది అసూయ ఒక్కటే కాదు, నేను ఎంత వెనకబడ్డాను అని కొలుచుకోవడం. ఎదుటివాళ్లు ఎంపిక చేసి పెట్టిన నాలుగు ఫొటోలతో మీ రాత్రి మూడింటిని కొలుచుకుంటున్నారు. ఆ కొలత ఎప్పటికీ మీకు అనుకూలంగా రాదు. అదే మనుషుల్లో ఒకరితో నేరుగా పది నిమిషాలు మాట్లాడితే వాళ్ల భయాలు, వాళ్ల తిప్పలు మీకూ తెలుస్తాయి. మీరు ఎత్తకపోయినా ఈమధ్య మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది ఎవరు? వాళ్లకి ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి. సంజాయిషీ పొడుగ్గా వద్దు. "ఫోన్ ఎత్తలేకపోయాను, నీ మీద కోపమేం లేదు, నాకే కొన్నాళ్లుగా మనసు బాగోలేదు, ఆదివారం మాట్లాడదామా" అంటే చాలు.

ఇప్పుడు కష్టమైన విషయం. ప్రిపేర్ అవుతున్నానని ఇంట్లో చెబుతున్న అబద్ధం. మీరు దాన్ని ఒక్క ముక్కలో రాసి దాటేశారు కానీ, మోస్తున్న బరువులో సగం ఇదేనని నాకనిపిస్తోంది. అబద్ధం ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరు పలకరించినా భయమే, గది తలుపు వేసుకోవాలి, ఫోన్‌లో దాక్కోవాలి. చెప్పేయండి అమ్మా. రాత్రి పూట కాదు, గొడవ జరుగుతున్నప్పుడు కాదు. మీ అమ్మగారు ఒంటరిగా, తీరికగా ఉన్నప్పుడు. మాటలు దొరక్కపోతే ఇవి తీసుకోండి: "అమ్మా, నేను చదువుతున్నానని చెప్పింది నిజం కాదు. చదవాలని ఉంది, చేతకావడం లేదు. రాత్రుళ్లు పడుకోవడం లేదు, ఏదీ బాగనిపించడం లేదు. బతకడం ఎందుకని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది. నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు." ఆమె మొదట కోప్పడవచ్చు, ఏడవవచ్చు. ఆ చివరి రెండు వాక్యాలు విన్న తల్లి మాత్రం బద్ధకం అన్న మాట మళ్లీ ఎత్తుతుందని నేను అనుకోను. అమ్మతో చెప్పలేనంటే, ఇంట్లో మీ మాట వినే ఇంకెవరితోనైనా మొదలుపెట్టండి.

ఇది చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఫోన్ లాక్కోవడం, వైఫై కట్టేయడం పాతికేళ్ల పిల్లల దగ్గర పనిచేయదు. దక్షిణ కొరియా ప్రభుత్వం 2011లో ఒక చట్టమే తెచ్చింది, పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని. 2022 మొదట్లో దాన్ని ఎత్తేశారు. ఒక దేశం చట్టం చేసి చివరికి వెనక్కి తీసుకున్న పనిని మీరు తలుపు దగ్గర నిలబడి చేయలేరు. ఎంతసేపు చూశావు అని అడగడం మాని, నిద్ర పడుతోందా, మనసెలా ఉంది అని అడగండి. జవాబు వచ్చేదాకా కాసేపు పక్కన కూర్చోండి.

చదువు ఊసు నేనింకా ఎత్తలేదు. కావాలనే. ఇప్పుడు టైమ్‌టేబుల్ వేసుకుంటే అదీ ఇంకో ఒట్టవుతుంది. రెండు మూడు వారాలు నిద్ర కుదిరాక రోజుకి పావుగంట చాలు. మూడ్ వచ్చాక చేద్దామని ఆగకండి. కుంగుబాటులో మూడ్ ముందు రాదు, చేసిన తర్వాత కాస్త వస్తుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స మొత్తం దీని మీదే నడుస్తుంది. సైకాలజిస్ట్ పీటర్ లెవిన్‌సన్ 1970లలో దీనికి పునాది వేశారు. 1996లో నీల్ జేకబ్సన్ బృందం పోల్చి చూస్తే, ఆలోచనల తీరు మార్చే కాగ్నిటివ్ థెరపీలోని ఈ ఒక్క భాగమే ఆ మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది. పావుగంట అర్థం కాని పేజీల్లోనే గడిచినా, కూర్చున్నారు కాబట్టి అది లెక్కలోకి వస్తుంది.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే మందులే ఇస్తారని భయపడకండి. ఫోన్ అలవాటుకి ప్రత్యేకంగా మందు ఏదీ లేదు. డిప్రెషన్ ఉందని తేలి, తీవ్రత ఎక్కువగా ఉంటే దానికి ఇస్తారు. ఆ మందులు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాస్త బాగుందనగానే సొంతంగా ఆపకూడదు. తేలికపాటిదైతే సీబీటీ అనే మాటల చికిత్సతోనే చాలామందికి తగ్గుతుంది. ఇంటర్నెట్ అలవాటుకి సరిపడేలా దాన్నే మలిచి వాడతారు కూడా. వెళ్లేముందు వారం రోజులు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు రాసి తీసుకెళ్లండి. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా డిప్రెషన్ ఉందేమో కనుక్కోండి. నేను లేకపోయినా అన్న ఆ ఆలోచన సంగతి మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయండి, చివరికి దాచుకోకండి. డాక్టర్ ఫోన్ తగ్గించు అని ఒక్క మాటతో పంపించేయబోతే, నాకు డిప్రెషన్ ఉందేమో చూడండి అని నోరు తెరిచి అడగండి. అప్పటికీ వినకపోతే ఇంకొకరిని కలవండి.